ఒకచోట ఇసుక వేస్తే రాలనంత జనం, ఇంకోచోట పిలిస్తే పలికే మనిషే ఉండడు. ఎందుకిలా?

అడిగిన ప్రశ్న ఇది: "బంగ్లాదేశ్ లాంటి చిన్న దేశంలో అంత జనం ఎందుకున్నారు, ఆస్ట్రేలియా లాంటి పెద్ద దేశం అంత ఖాళీగా ఎందుకుంది? వాతావరణమేనా కారణం? ఇక్కడ ఎక్కువైన వాళ్లని అక్కడికి పంపితే సరిపోదా?"

నేను పశ్చిమ గోదావరి జిల్లాలో సర్కారు బడి పంతులుగా చేసి రిటైరయ్యాను. సోషల్ చెప్పేవాణ్ణి. కాబట్టి దీనికి పాఠ్యపుస్తకం జవాబు నాకు నోటికొచ్చు: నైసర్గిక స్వరూపం, శీతోష్ణస్థితి, నేలలు, నీటి వసతి, ఖనిజాలు, పరిశ్రమలు, రవాణా. పరీక్షలో ఇవి రాస్తే మార్కులు పడతాయి. కాకపోతే ఆ వరస చదివినవాడికి అన్నీ ఒకే బరువున్న కారణాలనిపిస్తుంది. అది నిజం కాదు. అసలు ప్రశ్న ఒకటే: ఒక ఎకరం, ఏడాదికి ఎంతమందికి అన్నం పెట్టగలిగింది? అదీ ఈ ఏడాది కాదు, మన తాతముత్తాతల కాలంలో. ఇవాళ మ్యాపులో కనిపించే జనసాంద్రత చాలావరకు ఆ పాత తిండి లెక్కే. ఈ సంగతి నాకు పుస్తకంలోకన్నా జనాభా లెక్కల డ్యూటీలో బాగా తెలిసింది.

పంతుళ్లకి ఈ డ్యూటీ తప్పదు కదా. 2001లో నాకు పాలకొల్లు దగ్గర డెల్టా ఊళ్లో పడింది. 2011 నాటికి బదిలీ మీద బుట్టాయగూడెం వైపు ఏజెన్సీలో, అంటే కొండల్లోని గిరిజన ప్రాంతంలో, ఉన్నాను, అక్కడ పడింది. ఎన్యుమరేటర్‌కి ఇచ్చే బ్లాకు నేల కొలతను బట్టి ఉండదు, తలల లెక్కను బట్టి ఉంటుంది. ఇంచుమించు ఆరేడు వందల మంది ఒక బ్లాకు. డెల్టాలో ఆ ఆరేడు వందల మందీ రెండు మూడు సందుల్లో అయిపోయారు. సందు ఈ చివర నిలబడి కేకేస్తే ఆ చివర పలికేవాళ్లు. ఒక గోడకి రెండిళ్లు. ఒకే పెంకుటింట్లో అన్నదమ్ముల పొయ్యిలు వేరు. సెన్సస్ లెక్కలో ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్లు ఒక కుటుంబం. మరి నెల పెద్దాడి దగ్గర, నెల చిన్నాడి దగ్గర వంతుకి తినే తల్లిని ఎవరి కాగితంలో రాయాలని కోడళ్ల మధ్య వాదన పడింది. "ఈ నెల ఎవరిదండీ?" అని అడిగి అక్కడ రాశాను. మాస్టారి తీర్పు ఆ ముసలావిడకీ నచ్చింది, ఏ కోడలికీ నచ్చలేదు.

ఆ ఊళ్లో ఇంకోటి గమనించాను. పేదవాళ్ల ఇళ్లు ఊరి మధ్యలో లేవు, పొలాల్లోనూ లేవు, కాలవ గట్టు మీద ఉన్నాయి. ఒకవైపు కాలవ, ఇంకోవైపు రోడ్డు, మధ్యలో పాక. ఎందుకంటే గట్టు దిగితే ప్రతి సెంటూ వరి చేనే. ఇల్లు కట్టుకోవడానికి అక్కడ నేల మిగలలేదు.

ఏజెన్సీలో అదే ఆరేడు వందల మందికి నాకు వచ్చిన బ్లాకులో కొండరెడ్ల గూడేలు, కోయ గూడేలు కలిపి ఇచ్చారు. గూడేనికి పది పదిహేను ఇళ్లు. ఒకటి అయ్యాక వాగు దాటి, అడవిలో నడిచి, కొండ ఎక్కితే ఇంకోటి. ఇంటి నంబరు వెయ్యడానికి పట్టే టైము కన్నా ఆ ఇంటికి చేరడానికి పట్టే టైమే ఎక్కువ. నాతో దారి చూపించడానికి వచ్చిన పెద్దాయన ఒక కొండవాలు చూపించి, "అది మా తాత కొట్టిన పోడు మాస్టారూ, ఇప్పుడు అడవైపోయింది, ఇంకొన్నేళ్లు పోతే మళ్లీ కొడతాం" అన్నాడు. నాకు అక్కడ చెట్లు తప్ప పొలం కనిపించలేదు. ఆయనకి అది పొలమే, విశ్రాంతిలో ఉన్న పొలం.

పోడు లెక్క తెలిస్తే సగం జవాబు దొరికినట్టే. చెట్లు కొట్టి కాలిస్తే ఆ బూడిద బలంతో రెండు మూడేళ్లు జొన్న, సామ, చోడి, కంది పండుతాయి. తర్వాత నేల నీరసిస్తుంది. దాన్ని వదిలేసి ఇంకో చోటికి వెళ్లాలి. వదిలేసింది మళ్లీ అడవై బలం పుంజుకోవడానికి పదేళ్లో, ఇంకా ఎక్కువో పడుతుంది. అంటే ఒక ఎకరం సాగులో ఉండాలంటే అయిదారు ఎకరాలు వెనక పడుకుని ఉండాలి. పైనుంచి చూసేవాడికి అది ఖాళీ. బతికేవాడికి అందులో ఒక్క ఎకరం తగ్గినా కష్టమే.

ఇప్పుడు డెల్టా లెక్క చూడండి. సార్వాకు, అంటే వానాకాలం పంటకు, ఎకరానికి ముప్పై బస్తాలు, దాళ్వాకు, అంటే రెండో పంటకు, నలభై అనుకుందాం. బస్తాకు 75 కిలోల చొప్పున 5,250 కిలోల ధాన్యం. మిల్లు ఆడిస్తే 3,400 కిలోల దాకా బియ్యం. మనిషికి నెలకు 12 కిలోలు వేసుకున్నా ఒక్క ఎకరం ఇరవై మందికి పైగా ఏడాదంతా అన్నం పెడుతుంది. పాతకాలంలో దిగుబడి ఇందులో సగం కూడా ఉండేది కాదు, అయినా పోడుతో పోలికే లేదు. పైగా వరి పెట్టడమే కాదు, అడుగుతుంది కూడా. ఆకుమడి, ఊడ్పు, కలుపు, కోత, నూర్పు, అన్నింటికీ మనుషులు కావాలి. పది చేతులు తిండి పండిస్తాయి, ఆ తిండి ఇంకో పది చేతుల్ని పుట్టిస్తుంది. ప్రపంచంలో అతి ఎక్కువ జనసాంద్రత ఉన్న పల్లెప్రాంతాల్లో ఎక్కువ భాగం వరి ప్రాంతాలే కావడం కాకతాళీయం కాదు.

వాతావరణమేనా అని కదా మీ అనుమానం. దానికి మా గోదావరి జిల్లాయే సాక్ష్యం. 1833లో గుంటూరు ప్రాంతంలో డొక్కల కరువు వచ్చింది. నందన నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి నందన కరువనీ అంటారు. అప్పటి రాజమండ్రి జిల్లా కూడా కరువులతో, తుఫాన్లతో చితికిపోయింది. 1821లో 7 లక్షలు దాటిన జిల్లా జనాభా 1841 నాటికి 5 లక్షల 60 వేల దగ్గరికి పడిపోయింది. చచ్చినవాళ్లు చచ్చారు, బతికినవాళ్లు వలసపోయారు. గోదారి అప్పుడూ పక్కనే పారుతోంది. ఎండ అదే, వాన అదే, ఒండ్రు అదే. 1847లో ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట పని మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు. తర్వాత కాలవలు పల్లెపల్లెకూ వెళ్లాయి. మారింది ఒక్కటే: నీరు కావలసిన నెలలో పొలంలో ఉండటం. కరువు నేల కాస్తా పక్క జిల్లాల వాళ్లు కూలికొచ్చే నేల అయింది. 2011 లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రం సగటు చదరపు కిలోమీటరుకు 308 మంది అయితే పశ్చిమ గోదావరి 508. కడప జిల్లా 188. కడప నేల పనికిరానిదా అంటే కాదు. కర్నూలు నుంచి వచ్చే కేసీ కాలవ కింద చూడండి ఎలా పండుతుందో.

కాబట్టి బంగ్లాదేశ్ గురించి ఆశ్చర్యపోవక్కర్లేదు. గంగ, బ్రహ్మపుత్ర, మేఘన మూడూ కలిసి హిమాలయాల మట్టిని తెచ్చి పోసిన నేల అది. మా కోనసీమని ఎన్నో ఇంతలు చేసి ఊహించుకోండి. ఏడాదికి రెండు మూడు పంటలు, కొంచెం తవ్వితే నీరు, గుంటలో చేప. 2022 జనగణనలో చదరపు కిలోమీటరుకు 1,100 దాటింది. అక్కడ వరద వస్తుంది, తుఫాను వస్తుంది, అయినా జనం కదలరు. వరద తీసుకుపోయేదాని కన్నా తెచ్చిపెట్టేది ఎక్కువని వందల ఏళ్లుగా వాళ్లకి తెలుసు. ఈజిప్టు ఇంకా స్పష్టం. పది లక్షల చదరపు కిలోమీటర్ల దేశంలో నూటికి 95 మంది నైలు పక్కన ఉన్న సుమారు 5 శాతం నేల మీదే ఉంటారు. దేశం సగటు చూస్తే వందకు కాస్త పైన, మామూలుగానే కనిపిస్తుంది. ఆ సగటు సాంద్రతతో బతికే ఈజిప్షియన్ మాత్రం వెతికినా దొరకడు.

ఇక ఆస్ట్రేలియా. మా అబ్బాయి పెర్త్‌లో ఉంటాడు. రిటైరయ్యాక వెళ్లి అక్కడ కొన్నాళ్లున్నాం. ఒకసారి కారులో కల్గూర్లీ దాకా తీసుకెళ్లాడు, దాదాపు 600 కిలోమీటర్లు. ఊరు దాటిన కాసేపటి నుంచి రోడ్డు పక్కన ఒక లావుపాటి నీళ్ల పైపు మా వెంటే వచ్చింది. కల్గూర్లీలో బంగారం దొరికింది, తాగడానికి నీళ్లు మాత్రం లేవు. పెర్త్ దగ్గరి కొండల్లో డ్యాము కట్టి, అక్కడి నుంచి పంపులతో ఎగదోసి 1903లో ఆ ఊరికి నీళ్లిచ్చారు. ఆ పైపు లేకపోతే ఆ ఊరు లేదు. దారంతా గోధుమ పొలాలు. ఒక్కో రైతుకి వేల ఎకరాలు. ఊరంటే ఒక పెట్రోలు బంకు, ఒక పబ్బు, ఆకాశమంత ఎత్తు ధాన్యం గోదాములు. నేను దిగి మట్టి చేత్తో తీసి చూశాను, తేలిగ్గా ఇసకలా ఉంది. అది చాలా ముసలి నేల. కోట్ల ఏళ్లుగా వాన కడిగేసింది, కొత్త మట్టి తెచ్చే హిమాలయం లాంటిది ఏదీ అక్కడ లేదు. భాస్వరం బస్తాలతో పోస్తేనే గోధుమ. "ఇంత భూమి ఉంటే మనవాళ్లు ఏం చేసేవాళ్లో!" అంది మా ఆవిడ. ఏమీ చేసేవాళ్లం కాదు. నీళ్లు లేని వెయ్యి ఎకరాల కన్నా కాలవ కింద రెండెకరాలు నయమని మా నాన్నగారైతే వెంటనే చెప్పేవారు.

విచిత్రం ఏమిటంటే, ప్రపంచంలో అతి పలచని దేశాల్లో ఒకటైన ఆస్ట్రేలియాలో జనం మనకన్నా ఎక్కువగా పట్నాల్లోనే ఇరుక్కుని ఉంటారు. దేశం సగటు చదరపు కిలోమీటరుకు మూడున్నర మంది. కానీ మూడింట రెండొంతుల మంది రాష్ట్ర రాజధాని నగరాల్లోనే ఉన్నారు. పశ్చిమ ఆస్ట్రేలియా ఒక్కటే 25 లక్షల చదరపు కిలోమీటర్లు, అందులో జనం 30 లక్షలకు అటూ ఇటూ, వాళ్లలో నాలుగింట మూడొంతులకు పైగా పెర్త్‌లోనే. మా అబ్బాయి ఇల్లు చూస్తే ఖాళీ దేశంలో ఉన్నట్టు ఎవరూ అనరు, పక్కింటి వంటవాసన మా వంటింట్లోకి వచ్చేది.

మీ మూడో ప్రశ్న, ఎక్కువైన వాళ్లని ఖాళీ చోటికి పంపితే సరిపోదా అన్నది. ఇది చేసి చూసిన దేశం ఒకటుంది. ఇండోనేషియాలో జావా ద్వీపం దేశం విస్తీర్ణంలో 7 శాతమే, జనంలో సగానికి పైగా అక్కడే. సుమారు 15 కోట్ల మంది, చదరపు కిలోమీటరుకు వెయ్యి పైనే. పక్కనే బోర్నియో ద్వీపంలోని ఇండోనేషియా భాగం కాలిమంతన్ జావాకి నాలుగింతలు పెద్దది, అక్కడ చదరపు కిలోమీటరుకు ముప్పై మంది. రెండూ భూమధ్యరేఖ దగ్గరే. రెండుచోట్లా ఎండ, వాన దండిగా ఉంటాయి. తేడా కింద ఉంది. జావా అగ్నిపర్వతాల గొలుసు. మెరాపీ లాంటివి ఇప్పటికీ బూడిద కక్కుతూనే ఉంటాయి, ఆ బూడిద పొలాల మీద పడి కొత్త సత్తువ అవుతుంది. కాలిమంతన్‌లో రగిలే అగ్నిపర్వతాలు లేవు. వాన నేలలోని సారాన్ని కడిగేస్తుంది. ఉన్న బలమంతా చెట్లలోనే ఉంటుంది. దట్టమైన అడవి ఉంటే కింద నేల సారవంతమని చాలామంది అనుకుంటారు. మా కొండరెడ్డి పెద్దాయన ఒప్పుకోడు. కాల్చిన చెట్టు బూడిద ఎన్నేళ్లు పనిచేస్తుందో ఆయనకి తెలుసు.

డచ్చివాళ్లు 1905 నుంచే జావా రైతుల్ని బయటి ద్వీపాలకు తరలించడం మొదలుపెట్టారు, స్వాతంత్ర్యం తర్వాత ప్రభుత్వం దాన్ని పెద్ద ఎత్తున కొనసాగించింది. లక్షల కుటుంబాలు వెళ్లాయి. జావా మాత్రం ఖాళీ అవలేదు, వెళ్లినవాళ్ల కన్నా అక్కడ పుట్టినవాళ్లే ఎక్కువ. 1990లలో కాలిమంతన్‌లో పది లక్షల హెక్టార్ల బురద అడవిని వరి పొలంగా మారుస్తామని కాలవలు తవ్వారు. నీరు ఇంకిపోయి, ఆ మెత్తటి కుళ్లు నేల ఎండి, 1997లో తగలబడింది. ఆ పొగ పక్క దేశాల దాకా పోయింది. వరి పండలేదు. 2001లో సంపిత్ అనే చోట స్థానిక దయాక్‌లకూ మదురా ద్వీపం నుంచి వచ్చి స్థిరపడినవాళ్లకూ గొడవలై వందలమంది చనిపోయారు. ఖాళీ అనుకున్న చోటు ఎవరిదో ఒకరిది అయి ఉంటుంది. ఆస్ట్రేలియా ఎడారిలోనూ ఎక్కడ ఏ ఊట ఉందో తెలిసిన ఆదివాసులు వేల ఏళ్లుగా ఉన్నారు. మన దగ్గర ఏజెన్సీ భూమిని గిరిజనేతరులు కొనకూడదనే 1/70 చట్టం ఉన్నది కూడా ఇందుకే. అది లేకపోతే కాలవ గట్టు మీది పేదవాడు కాదు, మెరక మీది మోతుబరి వెళ్లి పోడు భూములు కొనేసేవాడు.

తిండి లెక్కకు లొంగనివీ ఉన్నాయి. జబ్బులు అందులో ముఖ్యం. నేపాల్ దక్షిణాన తెరాయి మైదానం మంచి ఒండ్రు నేల, అయినా 1950ల దాకా కొండజనం అక్కడ రాత్రి పడుకోవడానికే భయపడేవారు, మలేరియా వల్ల. అక్కడి ఆదివాసులైన థారూలు మాత్రం ఉండేవారు. డీడీటీ చల్లి దోమని అదుపు చేశాక కొండల మీది నుంచి జనం దిగివచ్చి నిండిపోయారు. ఇవాళ నేపాల్ జనంలో సగానికి పైగా తెరాయిలోనే. మన మన్యం జ్వరం కథా ఇలాంటిదే. నేను వెళ్లిన రోజుల్లో కూడా ఏజెన్సీ పోస్టింగ్ అనగానే ఇంట్లో టెన్షన్, ముందు దోమతెర కొన్నారు.

డబ్బు కూడా లెక్క మారుస్తుంది. కువైట్‌లో నది లేదు, వరి లేదు. చమురు అమ్మి, సముద్రపు నీటిని మంచినీరు చేసుకుని నగరం కట్టారు. ఆ నగరంలో ఇళ్లల్లో పని చేయడానికి కడప జిల్లా నుంచీ, మా కోనసీమ నుంచీ ఎంతమంది ఆడవాళ్లు వెళ్లారో మీకు తెలిసే ఉంటుంది. ఇప్పుడు జనం తిండి పండే చోటికి కాదు, జీతం వచ్చే చోటికి వెళ్తున్నారు. 2001 నుంచి 2011 మధ్య రంగారెడ్డి జిల్లా జనాభా 48 శాతం పెరిగింది. పశ్చిమ గోదావరి పెరుగుదల 4 శాతం కూడా లేదు. మా ఊళ్లో వరి మడులు చాలావరకు రొయ్యల చెరువులయ్యాయి, ఊడ్పులకు వచ్చే గుంపుల్లేవు, చెరువుకి ఇద్దరు కాపలాదారులు చాలు. అన్నం పెట్టిన కారణం పోయినా జనం మాత్రం ఉన్నారు, ఎందుకంటే ఇల్లు, బడి, ఆస్పత్రి, చుట్టాలు అందరూ అక్కడే. జనం ఉన్నచోటే రోడ్డు పడుతుంది, రోడ్డు ఉన్నచోటికే జనం వస్తారు. బ్రిటన్ నుంచి బీహార్ దాకా ఇదే తంతు.

చివరగా ఒక సలహా. 2027 జనగణన అంకెలు వచ్చాక జిల్లాల పట్టీ కాకుండా మండలాల పట్టీ చూడండి. 2011లో మా జిల్లాకి చెప్పిన 508లో పాలకొల్లూ ఉంది, బుట్టాయగూడెమూ ఉంది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు బుట్టాయగూడెం ఏలూరు జిల్లాలోకి వెళ్లింది, పాలకొల్లు కొత్త పశ్చిమ గోదావరిలో మిగిలింది. 2011 నాటి జనాన్నే ఈ కొత్త హద్దులతో లెక్కేస్తే పశ్చిమ గోదావరి జనసాంద్రత 800 దాటింది, కొత్తగా ఒక్క బిడ్డ పుట్టకుండానే.